తెల్లచారను చదవడం నేర్పిన మైదానం

మా తరం మన పాఠశాలలో చదివిన 1990లలో మామునూరు విమానాశ్రయం పేరుకే మిగిలి ఉండేది. నిజాం కాలంలో వెలసిన ఆ రన్‌వే మీద ప్రయాణికుల విమానం దిగగా మా తరగతిలో చూసినవారు లేరు. అందుచేత హన్మకొండ పిల్లలమైన మాకు విమానమంటే పది పదకొండు కిలోమీటర్ల ఎత్తున వెళ్తూ వెనుక తెల్లని చార వదిలే వెండి చుక్కే. డ్రిల్లు పీరియడులో ఎవరో ఒకరు “అరేయ్, రాకెట్ పోతుంది!” అని అరిస్తే కబడ్డీ కూత మధ్యలోనే ఆగిపోయేది. అది రాకెట్ కాదని, జెట్ విమానమని, ఆ చారనే జాగ్రత్తగా చూస్తే విమానం ఎత్తు, దిక్కు, ఇంజిన్ల సంఖ్య చెప్పవచ్చని మాకు నేర్పినవారు మన భౌతికశాస్త్రం సారు. ఈ సంచికకు ఏదైనా రాయమని అడగగానే నాకు తోచిన విషయం ఇదే.

సారు మొదట మా తలల్లోంచి పొగ అనే మాటను తీసివేశారు. ఒక కిలో విమాన ఇంధనం మండితే సుమారు కిలోంబావు నీటి ఆవిరి పుడుతుంది. అది బయటి అతిశీతల గాలిలో కలిసి చల్లబడి, మసి రేణువులను ఆధారం చేసుకొని మంచు స్ఫటికాలుగా మారుతుంది. ఇలా మారడానికి క్షణకాలం పడుతుంది గనుక ఇంజిన్‌కూ చార మొదలయ్యే చోటుకూ మధ్య కొంత ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీని మాకు చూపించడానికి సారు ఎన్‌సీసీ గదిలోని బైనాక్యులర్‌ను అడిగి తెచ్చి, వేపచెట్టు కొమ్మల చీలికలో ఆనించి, ఒక్కొక్కరినే పిలిచి చూడమనేవారు. కటకంలో విమానం చేప ఆకారంలో మెరిసేది. దాని వెనుక కొంత దూరం ఏమీ ఉండేది కాదు. ఆ తరువాత ఉన్నట్టుండి రెండు తెల్లని పోగులు పుట్టుకొచ్చేవి.

చార ఏ పరిస్థితిలో ఏర్పడుతుందో 1941లో జర్మనీకి చెందిన ఎర్నెస్ట్ ష్మిట్, 1953లో అమెరికాకు చెందిన హెర్బర్ట్ యాపిల్‌మన్ లెక్క కట్టారు. స్థూలంగా చెప్పాలంటే గాలి ఉష్ణోగ్రత మైనస్ 40 డిగ్రీల సెల్సియస్ ప్రాంతానికి దిగాలి. ఇక్కడే మన ఆకాశానికి ఒక ప్రత్యేకత ఉంది. సారు చెప్పిన వాటన్నింటిలో నాకు ఇప్పటికీ అమూల్యంగా తోచేది అదే. ఐరోపా వంటి చలి ప్రాంతాలలో 30 వేల అడుగుల ఎత్తులోనే అంత చలి ఉండగా, ఉష్ణమండలంలో ఉన్న ఓరుగల్లు మీద ఆ ఎత్తులో గాలి ఇంకా వెచ్చగానే ఉంటుంది. ఇక్కడ అంత చలి తగలాలంటే సుమారు 35 వేల అడుగులు దాటాలి. కాబట్టి ఒకే ఉదయం ఒక విమానం చార లేకుండా నిగనిగలాడుతూ వెళ్లిపోయి, కాసేపటికి మరొకటి చార గీస్తూ వెళ్తే, రెండవదే ఎక్కువ ఎత్తున ఉందని చెప్పడం చాలావరకు సరిపోతుంది. దూరప్రయాణపు విమానం బయలుదేరినప్పుడు ఇంధన భారంతో తక్కువ ఎత్తులో సాగి, బరువు తగ్గేకొద్దీ పైకి జరుగుతుంది. అందువల్ల చార గీసేవాటిలో ఎక్కడెక్కడి నుంచో చాలాసేపు ఎగిరి వచ్చినవి ఎక్కువగా ఉండేవి.

చార పొడవు మాత్రం విమానం సంగతి కాదు, గాలి సంగతి. పైగాలి పొడిగా ఉంటే చార కొద్ది దూరంలోనే కరిగిపోతుంది. తేమ నిండి ఉంటే గంటల తరబడి నిలిచి, వెడల్పై, పలుచని మేఘంగా మారిపోతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం ఉన్న రోజుల్లో దాని నుంచి పైకి ఎగజిమ్మిన తేమ మన వైపు పరచుకుంటే చారలు దిక్కు నుంచి దిక్కుకు సాగేవి. కోతలు కోసి పంట కల్లంలో ఉన్న ఇళ్ల పిల్లలు అటువంటి చారలను మాకంటే శ్రద్ధగా చూసేవారు.

ఇక గుర్తుపట్టడానికి మొదటి మెట్టు పాయలు లెక్కించడం. రెండు ఇంజిన్లయితే రెండు పాయలు. నాలుగైతే మొదట నాలుగు కనిపించి, రెక్కల కొనల నుంచి లేచే సుడిగాలులు వాటిని చుట్టేసుకోవడంతో కాస్త వెనుకకు రెండుగా కలిసిపోతాయి. అందుకే చార తోకను కాకుండా తలను చూడాలని సారు పదేపదే చెప్పేవారు. నాలుగు పాయలంటే ఆ రోజుల్లో చాలావరకు బోయింగ్ 747. రెక్కలు బాగా వెనక్కి వాలి ఉంటాయి. డీసీ-10 వంటి మూడు ఇంజిన్ల విమానాలకు రెండు పాయల నడుమ తోక దగ్గర నుంచి మూడవది వచ్చేది. అప్పుడప్పుడు తేమ గాలిలో రెక్క మొత్తం వెంబడి, ఖాళీ లేకుండా, సింగిడి రంగుల పట్టీ ఒకటి మొదలయ్యేది. అది ఇంజిన్ ఆవిరి కాదు; రెక్క మీద పీడనం పడిపోయి గాలి చల్లబడడం వల్ల పుట్టేది.

రెండవ మెట్టు పరిమాణం. సుమారు 64 మీటర్ల రెక్కలున్న 747 నడినెత్తిన 11 కిలోమీటర్ల ఎత్తులో వెళ్తే పున్నమి చంద్రుని వెడల్పులో మూడింట రెండు వంతులు కనిపిస్తుంది. 34 మీటర్ల ఎయిర్‌బస్ ఎ320 మూడో వంతే. ఎ320కీ బోయింగ్ 737కూ మాత్రం అంత దూరం నుంచి తేడా చెప్పడం కష్టం. చెప్పగలమని పందెం కాసేవారిని నేను ఇప్పటికీ నమ్మను.

మూడవది దారి. సారు తరగతి గదిలోని భారతదేశ పటం మీద గుండుసూదులు గుచ్చి, ఢిల్లీ నుంచి మద్రాసుకు ఒక దారం, బొంబాయి నుంచి విశాఖపట్నానికి మరొక దారం బిగించారు. అవి రెండూ కరీంనగర్ దగ్గర ఒకదానినొకటి దాటాయి! అసలు విమాన మార్గాలు దారమంత తిన్నగా ఉండవు గాని, పడమటి దిక్కున పైనుంచి కిందికి సాగే చారలు, ఉత్తరాన అడ్డంగా సాగే చారలు మాకు ఎందుకు ఎక్కువగా కనిపిస్తున్నాయో ఆ ఒక్క పాఠంతో తేలిపోయింది. ఢిల్లీలో లేచిన మద్రాసు విమానం మన వైపు రావడానికి దాదాపు గంటన్నర పడుతుంది. టైంటేబుల్ దొరికితే అప్పటి ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానాన్ని పేరుతో సహా ఊహించగలిగేవాళ్లం.

మోత విని తల ఎత్తేవారికి విమానం దొరకదు. నెత్తిమీద అంత ఎత్తు నుంచి శబ్దం మనల్ని చేరడానికి అర నిమిషం పైనే పడుతుంది. ఈలోగా గంటకు 900 కిలోమీటర్ల వేగంతో అది ఎనిమిది కిలోమీటర్లు ముందుకు జరిగిపోతుంది. మోత వచ్చే చోటును వదిలి చాలా ముందుకు వెతకాలి. కొత్తగా చేరిన ఆరో తరగతి పిల్లలను ఏడిపించడానికి ఈ కిటుకును దాచిపెట్టినవారు ఈ సంచిక చదువుతున్న వారిలో కొందరు ఉన్నారు.

ఇప్పుడు విమానాలు తమ స్థానాన్ని, ఎత్తును, పిలుపు గుర్తును రేడియోలో ప్రకటిస్తూ ఉంటాయి. ఫ్లైట్‌రాడార్24 వంటి యాప్ తెరిస్తే పేరు, ఊరు అన్నీ దొరుకుతాయి. నాకు అందులో ఎత్తు అంకెలే ముఖ్యం. 32 వేల అడుగుల్లో ఉన్నది చార లేకుండా, 39 వేలలో ఉన్నది చారతో వెళ్లడం తెర మీద, ఆకాశంలో ఒకేసారి చూసినప్పుడు సారు మాట అక్షరాలా కనిపిస్తుంది. సాధారణంగా తూర్పు వైపు సాగేవి 33, 35, 37 వంటి బేసి వేలలో, పడమర వైపు సాగేవి సరి వేలలో ఉంటాయన్న నియమాన్ని కూడా అక్కడే సరిచూసుకోవచ్చు.

నాలుగు పాయలు మాత్రం అరుదైపోయాయి. నాలుగు ఇంజిన్ల ఎయిర్‌బస్ ఎ380లలో చివరిది 2021 డిసెంబరులో ఎమిరేట్స్ విమాన సంస్థకు చేరింది. చివరి 747ను 2023 జనవరిలో అప్పగించారు. ఇప్పుడు మన మైదానం మీదుగా వెళ్లేవాటిలో అత్యధికం రెండు ఇంజిన్లవే. ఎప్పుడైనా నాలుగు పోగులు కనిపిస్తే అది సరకులు మోసే 747 గాని, ప్రయాణికుల ఎ380 గాని అయివుండే అవకాశం ఎక్కువ.