తొడ ఎముక విరిగాక మళ్లీ షటిల్ కోర్టుకు: నల్లేరు మీద నడక కాదు

నాకు విరిగింది కుడి తొడ ఎముక, సరిగ్గా మధ్యలో. బైక్ మీంచి పడ్డ కథలన్నీ ఒకటే కాబట్టి అది వదిలేస్తున్నా. మళ్లీ ఆడాలనుకునేవాళ్లకు పనికొచ్చేది మాత్రమే రాస్తాను.

ఎముక అతకడం ఇందులో తేలిక భాగం. దాని పని అది చేసుకుపోతుంది. ఎక్స్‌రే బాగుందన్నాక కూడా కోర్టులోకి రానివ్వనివి రెండు: తుంటి పక్క కండ, మోకాలు.

తుంటి దగ్గర చిన్న గాటు పెట్టి, ఎముక లోపల మూలుగ ఉండే గొట్టం గుండా టైటానియం రాడ్ దించారు. 10 మిల్లీమీటర్ల లావు, 38 సెంటీమీటర్ల పొడవు, తిరిగిపోకుండా పైనా కిందా స్క్రూలు. ఇంట్లో పుత్తూరు కట్టు ప్రస్తావన వచ్చింది. తొడ కండలు చాలా బలమైనవి. విరిగిన ముక్కల్ని ఒకదాని మీదికి ఒకటి లాగేసి కాలును పొట్టి చేస్తాయి. పైనుంచి వేసే ఏ కట్టూ ఆ లాగుడును ఆపలేదు. 1940లో జర్మన్ సర్జన్ గెర్హార్డ్ కుంచర్ ఈ రాడ్ పద్ధతిని ప్రకటించక ముందు, కాలికి బరువు వేలాడదీసి వారాల తరబడి మంచం మీదే ఉంచేవారు.

ఇంటికి వచ్చేముందు ఒకటి చూసుకోండి. వెల్లకిలా పడుకుని కాళ్లు వదులుగా వదిలేస్తే, రెండు మోకాలి చిప్పలూ, రెండు పాదాలూ ఒకే కోణంలో ఉన్నాయా? మడమలు సమానంగా ఉన్నాయా? ఎముక మెలిపడి కూర్చుంటే మొదటి రోజుల్లోనే సరిచేయడం సులువు. అతికాక అయితే మళ్లీ కోయాలి.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఇంజెక్షన్లు మధ్యలో మానొద్దు. పిక్క వాచి నొప్పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

‘కొంచెం బరువు వేయండి’ అంటారు. కొంచెం అంటే ఎంత? కిలోల్లో చెప్పమని అడగండి. ఎముక అడ్డంగా తెగితే ఒక లెక్క, ముక్కలైతే ఇంకో లెక్క. నాకు 20 కిలోలన్నారు. బరువు చూసుకునే మిషన్ మీద దెబ్బ కాలు, అదే ఎత్తు చెక్క మీద మంచి కాలు పెట్టి, వాకర్ పట్టుకుని ముల్లు 20 చూపేదాకా నొక్కేవాణ్ణి. నాలుగు రోజుల్లో ఆ ఒత్తిడి పాదానికే తెలిసిపోతుంది. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బ కాలు ముందు. చేతికర్ర దశకు వచ్చాక కర్ర మంచి కాలి వైపు చేతిలో ఉండాలి. సగం మంది దెబ్బ కాలి వైపే పట్టుకుని, దాని మీదికే ఒరిగి కుంటుతారు.

మోకాలికి చెక్క పలక, టాల్కం పౌడరు చాలు. పలక మీద పౌడరు చల్లి, సాక్సు వేసిన మడమను పిరుదు వైపు జార్చాలి. రోజుకు మూడుసార్లు, సారికి 15. ఆరు వారాలకు 90 డిగ్రీలు నా లక్ష్యం. మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని కిందికి నొక్కి పది అంకెలు లెక్కపెట్టడం కూడా మానకూడదు. వంగడం మీద ధ్యాస పెట్టి పూర్తిగా చాచడం మరిచిపోయేవాళ్లే ఎక్కువ.

ఇక తుంటి. రాడ్ దిగింది ఆ పక్క కండల గుండానే, అందుకే కుంటుడు అంత తొందరగా పోదు. పక్కకు పడుకుని పై కాలు లేపే వ్యాయామం అందరికీ చెబుతారు. అందరూ తప్పే చేస్తారు, నేను రెండు నెలలు చేశాను. నడుము వెనక్కి ఒరిగి, కాలివేళ్లు పైకి తిరిగితే పనిచేసేది తొడ ముందు కండే. వీపు, పిరుదులు, మడమ గోడకు ఆనించి, వేళ్లు కాస్త కిందికి చూసేలా పెట్టి, మడమను గోడ వెంట పైకి పాకించాలి. అలా పది చేసేసరికి పక్క మండిపోతుంది. మండితేనే సరైన కండ. పరీక్షకు అద్దం ముందు దెబ్బ కాలి మీద ఒంటికాలితో నిలబడి బెల్టు గీత చూడండి. రెండోవైపు జారిందా, ఇంకా పరుగు లేదు.

ముందు నుంచి, పక్క నుంచి తీసిన ఎక్స్‌రేల్లో కలిపి కనిపించే ఎముక నాలుగు అంచుల్లో మూడింటి మీదైనా తెల్లటి కొత్త ఎముక వంతెన కనిపించాలి. నాకు ఐదో నెలలో కనిపించింది. సిగరెట్ ఈ పనిని నిజంగానే వెనక్కి లాగుతుంది. నల్లేరు పచ్చడి కూడా తిన్నాను, కానీ రుచి కోసం. నమ్ముకున్నది గుడ్లు, పప్పు, డి విటమిన్ పరీక్ష.

సైకిల్ రేసర్ క్రిస్ ఫ్రూమ్ 2019 జూన్‌లో తొడ ఎముక విరిగి, 2020 ఫిబ్రవరిలో మళ్లీ రేసు తొక్కాడు. ఆ ఎనిమిది నెలలు చూసి మనం లెక్కలు కట్టకూడదు. సైకిల్‌లో కాలికి గెంతు దెబ్బ ఉండదు. షటిల్‌లో కుడిచేతి వాళ్లకు నెట్ దగ్గరి ప్రతి లంజ్ (ముందుకు పెద్ద అడుగేసి వంగడం) కుడికాలి మీదే పడుతుంది, అక్కణ్ణుంచి వెనక్కి తోసేదీ అదే తొడ. నా వరస ఇది: మోకాలు 110 డిగ్రీలు వంగాక సీటు ఎత్తుగా పెట్టి జిమ్ సైకిల్, కుంటకుండా అరగంట నడిచాక ఒక నిమిషం జాగింగ్, రెండు నిమిషాల నడక. ఆ తర్వాత షటిల్ లేకుండా ఫుట్‌వర్క్, కోర్టు ఆరు మూలలూ (ముందు, మధ్య, వెనక రెండేసి) నడక వేగంతో. ఒంటికాలి గెంతు దూరం మంచి కాలి దానిలో 90 శాతం చేరాకే గేమ్. అదీ మొదట సగం కోర్టు, చెక్క మీద మ్యాట్ ఉన్నచోట. సిమెంటు మీద వద్దు.

తొమ్మిదో నెలలో మోకాలి బయటి పక్క చురుక్కుమంది. ఎముక కాదు, కింది స్క్రూ తల మీద పట్టీలాంటి కండరపు నార రాసుకోవడం. వేలితో నొక్కితే సరిగ్గా ఒక్క చుక్క దగ్గరే నొప్పి. తొడ లోపల లోతుగా, అడుగేసినప్పుడల్లా వచ్చే నొప్పి అయితే వేరు. అప్పుడు ఆట ఆపి మళ్లీ ఎక్స్‌రే తీయించాలి. అతకని ఎముక రాడ్‌ను కూడా విరగ్గొడుతుంది.

రాడ్ ఇబ్బంది పెట్టకపోతే తీయించక్కర్లేదు. తీయిస్తే స్క్రూ రంధ్రాలు పూడేదాకా గెంతులు మళ్లీ బంద్. నేను ఉంచేసుకున్నాను. టేపు పెట్టి మోకాలి చిప్పకు 15 సెంటీమీటర్ల పైన కొలిస్తే కుడి తొడ ఇంకా ఒక సెంటీమీటరు సన్నం.