బుడమేరు వెంట ఒక పూట

మా ఇల్లు బెజవాడ సింగ్ నగర్‌లో. 2024 సెప్టెంబరు 1, ఆదివారం పొద్దున గుమ్మం దగ్గరున్న నీళ్లు మధ్యాహ్నానికి ఫ్రిజ్‌ని తేల్చేశాయి. రెండుసార్లు రంగు వేయించినా గోడ మీద ఆ మరక పోలేదు. ఇంత చేసిన బుడమేరును, మా ఊరి మీదుగా పోయే ఆ ఏరును, నేను సరిగ్గా చూసిందే లేదు. వంతెన మీద ముక్కు మూసుకుని దాటడమే.

జనవరిలో ఓ ఆదివారం మా బావను బండెక్కించుకుని వెలగలేరు వెళ్లాను. మైలవరం వైపు కొండల నీళ్లన్నీ పోగై ఇక్కడికొస్తాయి. నీళ్లను గేట్లతో ఆపే రెగ్యులేటర్ దగ్గర ఆ రోజు నీళ్లు గేదెల మోకాళ్లు కూడా తడపవు. "దీనికా మనం నాలుగు రోజులు మేడ మీద కూర్చుంది?" అన్నాడు బావ.

వరదొస్తే నీళ్లను డైవర్షన్ కాలవలోకి మళ్లించి, ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలపాలి. గేట్లు ఎత్తితే మాత్రం పాత దారినే బెజవాడ మీదుగా కొల్లేటికి పోతాయి. గేదెలు కాస్తున్న పెద్దాయన్ని కదిపితే, "మా వాన కన్నా కృష్ణ నిండితేనే భయం బాబూ, నీళ్లు ఎగదన్నుతాయి" అన్నాడు. ఇంజనీర్లు బొమ్మ గీసి చెప్పినా నాకింత తేలిగ్గా అర్థమయ్యేది కాదేమో. ఆ సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు, కట్టాక ఎప్పుడూ లేనంత. అంత కృష్ణలోకి ఈ కాలవ ఎలా దూరుతుంది? పైగా పోలవరం కుడి కాలవ నీళ్లూ, థర్మల్ స్టేషన్ నీళ్లూ దీంట్లోకే.

కొండపల్లి దాకా వెళ్లి బొమ్మలు కొనకుండా వచ్చామని ఇంట్లో తిట్లు పడ్డాయి గానీ, మేం వెళ్లింది శాంతినగర్ గండ్ల కోసం. ఆ వరదలో డైవర్షన్ కాలవ ఎడమ కట్టకు మూడు చోట్ల పడ్డాయి. చివరికి ఆర్మీ వాళ్లు కూడా వచ్చి చెయ్యేస్తే 7వ తేదీకి పూడ్చారు. రాళ్లు పోసిన చోటు ఇట్టే తెలిసిపోతోంది. బావ దిగి కట్ట మీద కాలితో తన్ని చూశాడు, ఏదో తేల్చేవాడిలా. కాలవ కృష్ణలో కలిసే పవిత్ర సంగమం దగ్గర జనం సెల్ఫీలు తీసుకుంటున్నారు. మేం టీ తాగి తిరుగుబండి కట్టాం.

సాయంత్రం ఎనికేపాడు. అక్కడ ఏలూరు కాలవ పైన, బుడమేరు దాని కింద తూముల్లోంచి. చూడ్డానికి ముచ్చటైన కట్టడమే. కానీ ఊళ్లోకి వచ్చిన వరదంతా ఆ తూముల్లోంచే దూరి కొల్లేటికి పోవాలి. సింగ్ నగర్ దగ్గర ఏరు సన్నబడి, రెండు పక్కలా ఇళ్లు. మాదీ అందులో ఒకటే, దాచేదేముంది. మా నాన్న స్థలం కొన్నప్పుడు ఏరు ఎంత వెడల్పని ఎవరూ అడగలేదు, అమ్మినవాడూ చెప్పలేదు.

తూముల ముందు గుర్రపుడెక్క పేరుకుని ఉంది. బావ ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. "పైన ఇంకో అంతస్తు ఎప్పుడు వేస్తున్నారు?" అని మా అక్క అడిగింది.