అద్దం చూసి తొక్కావా? బెజవాడ దారిలో బాబాయ్‌తో

అక్క వాళ్ళ గృహప్రవేశం బెజవాడ పక్క కానూరులో. మా ఆవిడ పిల్లల్ని తీసుకుని రెండు రోజుల ముందే రైల్లో వెళ్ళిపోయింది, నాకు సెలవు దొరక్క ఆగిపోయాను. సరే పొద్దున్నే కారేసుకుని బయల్దేరదాం అనుకుంటే, బాబాయ్ ఫోన్ చేసి "మేమూ వస్తాం, పెద్ద అంబర్‌పేట దగ్గర నిలబడతాం, ఎక్కించుకో" అన్నాడు. కాదనడానికి కుదరదు. కానీ కొంచెం టెన్షన్ మాత్రం మొదలైంది. బాబాయ్ ఆర్టీసీలో ముప్ఫై ఏళ్ళ పైన స్టీరింగ్ పట్టి రిటైరైన మనిషి. పక్కన కూర్చుంటే తిట్టడు, సలహాలివ్వడు, ఒక్క మాట కూడా అనడు. కుడికాలు మాత్రం మ్యాట్ మీద లేని బ్రేకుని తొక్కుతూ ఉంటుంది. అది చూస్తుంటే తిట్టినా బాగుండేది అనిపిస్తుంది.

మియాపూర్ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కాను. అక్కడ 2023 నుంచి 120 దాకా వెళ్ళొచ్చు. ఎనిమిది వరసల రోడ్డు, టూవీలర్లుండవు, ఎదురొచ్చేవాడుండడు. ముప్పావు గంట అలా తోలాక పెద్ద అంబర్‌పేటలో దిగి, బాబాయ్‌నీ పిన్నినీ ఎక్కించుకుని విజయవాడ హైవే, అంటే 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కాను. రోడ్డు మారింది కానీ నా కాలు మారలేదు. 120కి అలవాటు పడ్డ కంటికి 100 అంటే నడుస్తున్నట్టే ఉంటుంది. పిన్ని వెనక సీట్లో పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని అప్పటికే నిద్రలోకి జారుకుంది.

చౌటుప్పల్ దాటుతుంటే కుడి వరసలో ఒక కంటైనర్ లారీ. హారన్ కొట్టాను, లైట్లు కొట్టాను, కదలడు. రోడ్డంతా వీడి సొత్తు అని తిట్టుకుని, ఎడమ వైపు ఖాళీ కనబడగానే అటు నుంచి దూరి ముందుకొచ్చి, మళ్ళీ కుడి వరసలోకి తిప్పేశాను. తిప్పానో లేదో, డివైడర్ పక్కన చెట్టు నీడలో పోలీసుల ఇంటర్‌సెప్టర్ బండి, దాని పక్కన వేగం కొలిచే గన్ను పట్టుకుని ఒకతను. ఎవరైనా ఏం చేస్తారు? బ్రేకు తొక్కాను. గట్టిగా. ఆ క్షణమే వెనక నుంచి ఎయిర్ హారన్, ఆగకుండా, దాని కింద టస్సు టస్సుమని గాలి వదిలే చప్పుడు. అద్దంలో ఆకాశం లేదు, రోడ్డు లేదు, లారీ ముందు జాలీ ఒక్కటే ఉంది. పులిహోర డబ్బా ముందుకొచ్చి గేరు రాడ్డుకి తగిలింది.

ఏమీ కాలేదు. ఆ డ్రైవరు ఎలా ఆపాడో నాకు తెలియదు, ఆపాడు.

కాసేపయ్యాక బాబాయ్ నోరు తెరిచాడు. "గన్ను చూసి తొక్కావు, బానే ఉంది. అద్దం చూసి తొక్కావా?"

పంతంగి టోల్ దగ్గరికి వచ్చేదాకా ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. టోల్ దాటాక ఆయనే మొదలుపెట్టాడు. నా కారుకున్నది నూనె బ్రేకు, కాలు పెట్టగానే పట్టేస్తుంది. లారీది గాలి బ్రేకు, పెడల్ నొక్కాక గాలి గొట్టాల్లోంచి పోయి వెనక చక్రాల దాకా చేరాలి, అప్పుడు పట్టుకుంటుంది. ఆ లోపు ఎంత దూరం పోతుందో చూసుకోమన్నాడు. గంటకు 80 అంటే సెకనుకి 22 మీటర్లు. పైగా వెనకున్న బరువు, పెద్ద ట్రైలరైతే సరుకుతో కలిపి 55 టన్నుల దాకా చట్టమే ఒప్పుకుంటుంది. అందుకే మంచి లారీ డ్రైవరు ముందు కొంచెం ఖాళీ వదులుకుని నడుపుతాడు, "ఆ ఖాళీ నీకోసం వదిలిన సీటనుకున్నావు నువ్వు" అన్నాడు. నిజమే, సరిగ్గా అలాగే అనుకున్నాను. లారీ ముందు ఖాళీ కనిపిస్తే చాలు మన కార్లవాళ్ళం అందులో దూరిపోతాం, వాడు మళ్ళీ వెనక్కి తగ్గి ఖాళీ చేసుకుంటాడు, ఇంకొకడు దూరతాడు.

"మరి వాడు కుడి వరసలో ఎందుకు పోవాలి బాబాయ్? ఎడమన పోవచ్చుగా?"

"ఎడమ వరస చూస్తూ పద. నార్కట్‌పల్లి దాకా చూడు."

చూశాను. ముందు గడ్డి వేసుకుని ఒక ట్రాక్టరు. తర్వాత పంక్చర్ షాపు ముందు సగం రోడ్డు మీద, సగం మట్టిలో ఆగిన టిప్పర్. చిట్యాల దగ్గర పనుల వల్ల దారి మళ్ళింపు. షేర్ ఆటో ఉన్నట్టుండి ఆగి ఇద్దరిని దింపింది. ఒక పెద్దాయన మోపెడ్ మీద పాల క్యాన్లతో ఎదురుగా వస్తున్నాడు, యూటర్న్ దాకా వెళ్ళి తిరిగి రావడమెందుకని కాబోలు, నా వైపు చూసి నవ్వాడు కూడా. తర్వాత గేదెలు. కారు కాబట్టి నేను ఒక్కొక్కదాన్నీ తప్పించుకుని వచ్చాను, నిండు బండివాడు ఇన్నిసార్లు ఆగి, మళ్ళీ ఒకటో గేరు నుంచి ఎత్తుకోవాలంటే డీజిలూ పోతుంది, ప్రాణమూ పోతుంది. కుడి వరస వాళ్ళ హక్కని నేననడం లేదు, ఇప్పటికీ అనను. కానీ అది పొగరు కాదని మాత్రం అర్థమైంది.

ఇంకొకటి కూడా అక్కడే తేలింది. రెండు లారీలు పక్కపక్కన పట్టాభిషేకానికి వెళ్తున్నట్టు నడుస్తుంటే వెనక మనకి ఒళ్ళు మండుతుంది కదా. సరుకు బళ్ళకి వేగం హద్దు మించనివ్వని స్పీడ్ గవర్నర్ 80కి బిగించి ఉంటుంది. 75తో పోయేవాణ్ణి 80తో పోయేవాడు దాటాలంటే రెండు బళ్ళ పొడవూ, ముందూ వెనకా కాస్త జాగా కలిపి నలభై అయిదు మీటర్లు ఎక్కువ నడవాలి, లెక్కేస్తే అర నిమిషం పైనే పడుతుంది, ఆ అర నిమిషంలో ముప్పావు కిలోమీటరు రోడ్డు అయిపోతుంది. అంతే సంగతి. అర నిమిషం ఆగలేక మనం చేసే హారన్ మోతకి వాడు తొందరపడి మధ్యలోనే మళ్ళితే అసలు ప్రమాదం అది.

గన్నుల సంగతికొస్తే, నాకు వాటి మీద కోపం లేదు అంటే అబద్ధం. 2018లో కేంద్రం డివైడర్ ఉన్న నాలుగు వరసల రోడ్డు మీద కార్లకి 100, సరుకు బళ్ళకి 80 అని పైహద్దు పెట్టింది, ఊళ్ళ దగ్గరా ప్రమాదాలు ఎక్కువయ్యే చోట్లా దాన్ని తగ్గించొచ్చు. ఆ తగ్గించిన బోర్డు చెట్టుకొమ్మ వెనక ఉంటుంది, గన్ను మాత్రం ఎండలో తళతళలాడుతూ బయటే ఉంటుంది. 2021లో వచ్చిన నిబంధనలైతే, కెమెరాలతో పట్టే చోట హెచ్చరిక బోర్డు అందరికీ కనబడేలా ఉండాలనీ, నోటీసు 15 రోజుల్లోపు పంపాలనీ చెప్పాయి. ఇదంతా బాబాయ్‌కి ఆవేశంగా చెప్పాను. ఆయన అంతా విని, "బోర్డు కనబడలేదు సరే, ఊరు కనబడలేదా?" అన్నాడు. ఇలాంటి మనిషితో వాదనేంటి.

సూర్యాపేటలో టీకి ఆగాం. బెజవాడ దారిలో అక్కడ ఆగకపోతే ప్రయాణం చేసినట్టే ఉండదు. మా పక్కన ఒక సిమెంటు బల్కర్, అంటే పొడి సిమెంటు మోసే ట్యాంకు లారీ, ఆగి ఉంది, హైదరాబాద్‌లో సరుకు దింపేసి ఖాళీగా మేళ్ళచెరువు వెళ్తోందట. డ్రైవరుకి నలభై ఉంటాయేమో. బాబాయ్ "తమ్ముడూ, ఏ ఊరు" అని మొదలుపెట్టి రెండు గుక్కల్లో స్నేహం కలిపేసి, "మావాడికి ఒకసారి నీ సీట్లో కూర్చునే యోగం కల్పించవయ్యా" అన్నాడు. నేను సిగ్గుపడుతూనే ఎక్కాను. ఎక్కడమే ఒక పని, మూడు మెట్లు, చేత్తో కడ్డీ పట్టుకుని లాక్కోవాలి. లోపల డిసెంబర్‌లో కూడా ఇంజన్ వేడి కాళ్ళకి కొడుతోంది. 2025 అక్టోబర్ నుంచి తయారయ్యే లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు గానీ ఇతనిది అంతకుముందు బండి.

"అన్నా, మీ కారెక్కడుంది చెప్పండి" అన్నాడు కిందనుంచి.

నా కారు లారీకి ఎడమ పక్క, ముందు చక్రం పక్కనే పెట్టానని నాకు తెలుసు. అయిదు నిమిషాల క్రితం నేనే పెట్టాను. ఎడమ కిటికీలోంచి చూస్తే హోటల్ బోర్డు కనిపిస్తోంది, అరటిపళ్ళ బండి కనిపిస్తోంది, కారు లేదు. ఎడమ అద్దంలో లారీ పొడవునా ఉన్న ట్యాంకు, దాని వెనక రోడ్డు. కారు లేదు. ఎర్ర కారు, నాలుగు మీటర్ల పొడవుంది, లేదు. ఇంతలో బాబాయ్ నడుచుకుంటూ వచ్చి బంపర్‌కి ఆనుకుని నిలబడ్డాడు. ఆయన వచ్చింది చూశాను కాబట్టి ఉన్నాడని తెలుసు, లేకపోతే ఆ మంకీ క్యాప్ పైనున్న కుచ్చు కూడా కనబడలేదు. "ఇప్పుడు బండి కదిలిస్తావా?" అని అరిచాడు కిందనుంచి. నాకు వెన్ను చల్లబడింది.

చౌటుప్పల్ దగ్గర నేను దూరింది ఇదే ఎడమ పక్క నుంచి.

దిగాక డ్రైవరు చెప్పింది ఒక్కటే. నా కారు అద్దంలో కాదు, తన అద్దంలో తన మొహం నాకు కనిపిస్తోందా లేదా చూసుకోమన్నాడు. కనిపిస్తే నేనూ అతనికి కనిపిస్తాను. టీ డబ్బులు అతనే ఇచ్చేశాడు, ఎంత చెప్పినా వినలేదు.

సూర్యాపేట దాటాక 85 దగ్గర పెట్టి వదిలేశాను. ముందున్న లారీ ఒక స్తంభం దాటాక "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టి అప్పుడు నేను ఆ స్తంభం దాటేలా చూసుకుంటున్నాను. ఆ ఖాళీలోకి ఎవడో ఒకడు దూరుతూనే ఉన్నాడు, మొదట్లో మహా కోపం వచ్చింది. మునగాల వైపు ఆకుపాముల వస్తుంటే పిన్ని లేచి కిటికీలోంచి చూసి, "ఇక్కడే కదా పాపం జానకిరామ్" అంది. 2014 డిసెంబర్‌లో నందమూరి హరికృష్ణ కొడుకు జానకిరామ్ కారు ట్రాక్టర్‌ను ఢీకొని ఆయన పోయింది ఇక్కడే. ఈ దారిలో వెళ్ళే తెలుగువాళ్ళలో చాలామందికి ఆ ఊరు దాటేటప్పుడు అది గుర్తొస్తుంది.

కోదాడ ముందు రోడ్డు మీద నాలుగు పెద్ద రాళ్ళు, ఒక ఎండిన వేపకొమ్మ. ఆగిపోయిన లారీ వెనక హెచ్చరికకి పెట్టుకుంటారే, అవి. లారీ బాగై వెళ్ళిపోయింది, రాళ్ళు మాత్రం మిగిలాయి. పగలు కాబట్టి కనిపించాయి. బాబాయ్ బండి పక్కకి ఆపమని, హజార్డ్ లైట్లు వేయించి, వెనక ఏమీ రాకుండా చూసుకుని ఆ రాళ్ళు ఈడ్చి మట్టిలో పడేశాడు. డెబ్బైకి దగ్గర పడ్డ మనిషి, నేను దిగేలోపే మూడు తీసేశాడు. రాత్రి ఆగిన లారీ కన్నా ఆయనకి ఇవంటేనే భయమట. లారీకి వెనక కనీసం మెరిసే టేపైనా ఉంటుంది.

కోదాడ తర్వాత సిమెంటు లారీల వరస. చిల్లకల్లు, నందిగామ, కీసర, ఇబ్రహీంపట్నం, ఏమీ చెప్పుకోవాల్సింది లేదు, పులిహోర మాత్రం బాగుంది. పెద్ద అంబర్‌పేట నుంచి కానూరు ఇంటి గుమ్మం దాకా, టీ సమయం తీసేస్తే, నాలుగు గంటల లోపే. నేను మామూలుగా నూటపదితో ఊపిరాడకుండా వచ్చినప్పుడు ఎంత పడుతుందో గుర్తుచేసుకుంటే పాతిక నిమిషాల తేడా కూడా లేదు.

తొమ్మిది రోజుల తర్వాత ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఓవర్ స్పీడ్, వెయ్యి రూపాయలు, దానిపైన యూజర్ ఛార్జీలు 35. లింకు తెరిస్తే ఫొటో. ఆ రోజు పొద్దున, చౌటుప్పల్ దాటాక, వేగం 103, అక్కడి హద్దు 80. అంటే నేను బ్రేకు తొక్కేసరికే పని అయిపోయింది, తొక్కింది ఊరికే. కట్టేసి బాబాయ్‌కి ఫోన్ చేశాను.

"ఫొటోలో లారీ ఉందా?" అన్నాడు.

పెద్దది చేసి చూశాను. ఉంది. నా కారు వెనకాలే, ఫొటో అంచు దాకా నిండిపోయి. దాని అద్దాలు రెండూ కనిపిస్తున్నాయి, డ్రైవరు మొహం మాత్రం కనబడలేదు.

"ఉంది బాబాయ్."

"మీ పిన్నికి పంపు, చూస్తానంటోంది" అన్నాడు. ఇంకా పంపలేదు.