న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా చెర్రీ మొక్క: నాటిన రోజు నుంచి రెండో వేసవి దాకా

చెర్రీ పెట్టాలన్న కోరిక బ్రాంచ్ బ్రూక్ పార్కులో పుట్టింది. న్యూవార్క్‌లోని ఆ పార్కుకు 1927లో కారొలిన్ బాంబెర్గర్ ఫుల్డ్ అనే దాత ఇచ్చిన 2,000 చెట్లు ఇప్పుడు 5,000 దాటాయి. వాషింగ్టన్‌లో కన్నా ఇక్కడే ఎక్కువ. అక్కడ యొషినో రకం చెర్రీ చెట్ల కింద నిలబడితే ఎవరికైనా ఒకటి ఇంటికి తెచ్చుకోవాలనిపిస్తుంది. కానీ యొషినో పెద్దదైతే 30, 40 అడుగులు పరుచుకుంటుంది. మా పెరట్లో పెడితే సగం చెట్టు పక్కింట్లో ఉంటుంది. క్వాంజాన్ రకం ముద్దపూలు చాలా బాగుంటాయి గానీ దానికి ఆయుష్షు తక్కువ. చివరికి ఓకమే రకం తీసుకున్నాం. ఇంగ్లండ్‌లో కాలింగ్‌వుడ్ ఇంగ్రామ్ అనే చెర్రీ నిపుణుడు తైవాన్ చెర్రీని, ఫుజీ చెర్రీని కలిపి చేసిన రకం ఇది. 20, 25 అడుగులకు మించదు, చాలా చెర్రీల కన్నా ముందే పూస్తుంది, ఎండనూ బాగానే తట్టుకుంటుంది.

మొక్క పేరు చెప్పగానే గుంటూరు నుంచి అమ్మ అడిగింది: "కాయ కాస్తుందా?" పూల కోసమే పెంచే చెట్టమ్మా ఇది అన్నాను. "మన పారిజాతం లాంటిదన్నమాట" అంది. అంతే, ఇంకేం అడగలేదు.

అక్టోబర్‌లో నాటాం. ఆకు రాలే కాలంలో పైన పెరుగుదల ఆగిపోతుంది, నేలలో మాత్రం ఇంకా వెచ్చదనం ఉంటుంది కాబట్టి వేళ్లు పని చేసుకుంటాయి. పార పట్టే ముందు, నేల కింద లైన్లు ఎక్కడున్నాయో గుర్తు పెట్టించే 811 నంబరుకు ఫోన్ చేయాలి, న్యూజెర్సీలో కనీసం మూడు పనిదినాల ముందు. డబ్బులేం తీసుకోరు. వాళ్లు వచ్చి గ్యాస్ లైనుకు పసుపు, కరెంటుకు ఎరుపు గుర్తులు పెట్టి వెళ్తారు. మా ఇంట్లో గ్యాస్ లైను మేం అనుకున్న చోటుకు దగ్గరగానే వెళ్తోందని అప్పుడే తెలిసింది, దాంతో చోటు మార్చాం.

మాది ఎర్రటి బంకమట్టి. చెర్రీకి వేళ్ల దగ్గర నీళ్లు నిలవడం అస్సలు పడదు. అందుకే గొయ్యి తీశాక నీళ్లు నింపి, ఎంతసేపటికి ఇంకుతున్నాయో చూశాం. వెడల్పు వేరుముద్దకు మూడింతలు, లోతు మాత్రం వేరుముద్ద కన్నా ఒక్క అంగుళం కూడా ఎక్కువ కాదు. అడుగున మెత్తటి మట్టి పోస్తే చెట్టు తర్వాత కుంగుతుంది.

ఈ మొత్తం పనిలో నేను ఎక్కువ సమయం పెట్టింది కుండీలోంచి తీసిన మొక్క మొదలు దగ్గర. నర్సరీ కుండీల్లో చాలాసార్లు మొదలు మట్టిలో కూరుకుపోయి ఉంటుంది. నేల మీద కూర్చుని చేతివేళ్లతో పై మట్టి గీకుతూ పోతే, రెండంగుళాల కింద కాండం కాస్త లావెక్కి, అక్కడి నుంచి వేళ్లు పక్కలకు విడిపోవడం కనిపించింది. ఆ చోటు నేలకు కొంచెం పైనే ఉండాలి. ఒక వేరు పెన్సిల్ లావున కాండం చుట్టూ సగం దాకా తిరిగి ఉంది. దాన్ని కత్తెరతో తీసేశాను. వదిలేస్తే ఏళ్ల తర్వాత అదే చెట్టుకు ఉరి అవుతుంది. తీసిన మట్టినే తిరిగి నింపాం, ఎరువు వేయలేదు. మల్చ్, అంటే నేల మీద కప్పే చెక్కపొట్టు, మూడంగుళాలు పరిచాం, కాండానికి మాత్రం తగలనివ్వలేదు. ఈ ఊళ్లో చాలా ఇళ్ల ముందు మల్చ్‌ని చెట్టు మొదలుకి గుట్టగా పోస్తారు. చూస్తే బాధేస్తుంది, లోపల బెరడు కుళ్లిపోతుంది.

చలికాలంలో చేసింది తక్కువే. కుందేళ్లు బెరడు కొరక్కుండా, ఎండకూ మంచుకూ కాండం పగలకుండా తెల్లటి గార్డు చుట్టాం. జింకల కోసం చుట్టూ తీగ వల. మార్చిలో గార్డు తీసేశాం.

మార్చి చివర్లో, ఉగాది రోజుల్లోనే, గుప్పెడు పూలు పూసింది. ముదురు గులాబీ రంగు. తర్వాత ఆకులొచ్చాయి. ఆకు తిప్పి చూస్తే, కాడ ఆకును కలిసే చోట ఆవగింజంత ఎర్రటి బుడిపెలు కనిపిస్తాయి. వాటిలోంచి తీపి రసం ఊరుతుంది, చీమలు దాని కోసమే తిరుగుతుంటాయి. చీమల్ని చూసి మందు కొట్టక్కర్లేదు, అవి ఆకు తినే పురుగుల్ని కూడా పట్టుకుంటాయి.

అసలు టెన్షన్ జులైలో. జపనీస్ బీటిల్ అనే పెంకుపురుగు ఈ దేశంలో మొదట దొరికింది 1916లో, మన న్యూజెర్సీలోని రివర్టన్‌లోనే. దానికి చెర్రీ ఆకంటే మహా ఇష్టం. ఈనెలు వదిలి మిగతాదంతా తినేస్తుంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు అవి మందకొడిగా ఉంటాయి. సబ్బునీళ్ల డబ్బా కింద పట్టి కొమ్మ తడితే అందులో పడిపోతాయి. వాసన ట్రాప్‌లు పెట్టొద్దు, పక్క పెరళ్లలో ఉన్నవి కూడా మనింటికొస్తాయి. ఎక్కువైతే సాయంత్రం వేపనూనె చల్లుతున్నాను, పూత ఉన్నప్పుడు మాత్రం ముట్టను.

నీళ్లకు అయిదు గ్యాలన్ల బకెట్ అడుగున చిన్న బెజ్జాలు పెట్టాను. వారానికి రెండుసార్లు, బాగా ఎండలుంటే మూడు. వేలు రెండంగుళాలు దింపి, తడి తగిలితే ఆ రోజుకు ఆపేస్తాను. కత్తెర పని పూలు రాలాక, పొడి వాతావరణం చూసుకుని చేశాను, అదీ ఒరుసుకుంటున్న ఒకటి రెండు రెమ్మలకే. తడి రోజుల్లో కోస్తే గాయంలోంచి తెగులు ఎక్కుతుంది.

ఇప్పుడు రెండో వేసవి. నాటినప్పుడు కట్టిన ఊతకర్ర తీసేశాం, గాలికి కాండం తనంతట తానే నిలబడుతోంది. కొత్త రెమ్మలు మూరెడు దాటాయి. ఈ అక్టోబర్‌లో పాదు ఇంకో అడుగు వెడల్పు చేసి, ఆ మేరకు గడ్డి తీసేసి మల్చ్ పరచాలి.