శనివారం వెళ్ళిపోతాం

వాడు నా పేరు అడగలేదు. "ఎప్పుడు వెళ్ళిపోతారు?" అన్నాడు. శనివారం అన్నాను. సరేనని తలూపి బంతి నా మీదకి విసిరాడు. ఎనిమిదేళ్ళుంటాయేమో.

జమైకాలో, మాంటెగో బే దగ్గర పిల్లల హోం. డల్లాస్ నుంచి మా చర్చి యూత్ అంతా ఒకే రంగు టీషర్టుల్లో దిగాం. పొద్దున్నుంచి గోడకి పసుపు రంగు వేస్తున్నాం. పాత పెయింట్ గీకుతుంటే కింద నీలం, దాని కింద లేత ఆకుపచ్చ. మాకంటే ముందొచ్చిన టీములన్నమాట!

మధ్యాహ్నం వంటావిడ అకీ, ఉప్పుచేప కలిపి వండి పెట్టింది. చూడ్డానికి అచ్చం కోడిగుడ్డు పొరటు. అకీ కాయ చెట్టుమీదే తనంతట తాను విచ్చుకోవాలి, ముందే కోసి తింటే విషం. (నేను రెండుసార్లు వడ్డించుకున్నా.) పిల్లల సంగతీ ఆవిడే చెప్పింది. చాలామందికి అమ్మో అమ్మమ్మో ఉన్నారట, సాకే స్తోమత లేకే ఇక్కడ వదిలారట.

రాత్రి ప్రేయర్ అయ్యాక అడిగేశాను, వచ్చే ఏడు మన టికెట్ల డబ్బు ఆ అమ్మలకే అందేలా చూస్తే ఎలా ఉంటుందని.

"మరి మన పిల్లలకి అనుభవం ఎలా వస్తుంది బ్రదర్?" అన్నారొకాయన. సగంమంది ఆయన వైపే. పాస్టర్ గారు మాత్రం టికెట్ల లెక్క రాసివ్వమన్నారు. రాస్తున్నా, దోమలు కుట్టి చంపుతున్నాయి.