గట్టర్ కింద నల్ల రవ్వ

మే నెలలో పెద్ద గాలివాన వెలిసిన మర్నాడు, గరాజ్ పక్కన గట్టర్ గొట్టం నీళ్లు పడే చోట నల్లటి రవ్వ కుప్పగా కనిపించింది. చేతిలోకి తీసుకుని నలిపి చూశాను. అచ్చం బొంబాయి రవ్వంత గింజలు, గరగరలాడుతున్నాయి. మా కప్పు మీద ఉండాల్సిన షింగిల్స్ పొడి అది. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మేం ఈ ఇల్లు కట్టించుకుని 12 ఏళ్లే అయింది. గుండె గుభేల్మంది.

షింగిల్ అంటే ఫైబర్‌గ్లాస్ చాపకి తారు పట్టించి, పైన ఈ రాతిరవ్వ అద్దిన పలక. రవ్వే తారుకి గొడుగు. అది రాలిపోతే ఎండ నేరుగా తారు మీద పడుతుంది. తారులో జిడ్డు తగ్గి పెళుసెక్కుతుంది, అంచులు పైకి లేస్తాయి. నిచ్చెన వేసుకుని చూస్తే పాడైంది నైరుతి వాలే. ఉత్తరం వైపు ఇంకా కొత్తదానిలాగే ఉంది.

చూడ్డానికి వచ్చిన రూఫర్ (కప్పులు వేసేవాడు) ఐదు నిమిషాల్లో తేల్చేశాడు. అటక వేడికి షింగిల్స్ కింది నుంచి ఉడికిపోతున్నాయట. కప్పు మొత్తం మార్చి, పైన కరెంటు ఫ్యాన్ పెట్టాలన్నాడు. నాకు మనసొప్పలేదు. అమ్మమ్మగారి పెంకుటింట్లో ఏ ఫ్యానూ లేదు. బంగాళా పెంకుల సందుల్లోంచి వేడిగాలి దానంతటదే పోయేది.

జులైలో ఒక మధ్యాహ్నం, బయట 103 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్నప్పుడు, అటకలో వేలాడదీసిన థర్మామీటర్ 138 చూపించింది. మర్నాడు తెల్లవారుజామున మాస్కు కట్టుకుని పైకి ఎక్కాను. శిఖరం పొడవునా వేడిగాలి బయటికి పోయే సందు, అంటే రిడ్జ్ వెంట్, బాగానే ఉంది. చూరు వైపు మాత్రం చిమ్మచీకటి. చూరు అడుగున గాలి లోపలికి రావడానికి ఉండే సాఫిట్ రంధ్రాల్లోంచి సన్నగా వెలుతురు రావాలి కదా! మూడేళ్ల క్రితం వేడి ఇంట్లోకి దిగకుండా అటకలో దూదిలాంటి ఇన్సులేషన్ కొట్టించినప్పుడు ఆ దూది చూరు దాకా పోసేసి, రంధ్రాలన్నీ పూడ్చేశారు. గాలి లోపలికి రాకపోతే పైనుంచి వేడి ఎలా పోతుంది?

ఇక్కడి బిల్డింగ్ కోడ్ లెక్క సులువే. 300 చదరపు అడుగుల అటకకి 1 చదరపు అడుగు గాలి దారి ఉండాలి. అందులో దాదాపు సగం కింద, సగం పైన. అలా పంచకపోతే 150కి 1 కావాలి. మాది 1,800, అంటే చూరు దగ్గర 3, శిఖరం దగ్గర 3. ఈ స్థితిలో ఫ్యాన్ పెట్టి ఉంటే అది పక్కనున్న రిడ్జ్ వెంట్ నుంచో, సీలింగ్ లైట్ల సందుల్లోంచి మా ఏసీ గాలినో లాగేది. పూడిన చూరు నుంచి దానికి గాలి దొరకదు.

రెండు శనివారాలు పట్టింది. దూది వెనక్కి లాగి, 22 సందుల్లో బాఫిల్స్ (దూది అడ్డురాకుండా గాలికి దారి ఉంచే పలకలు) కొట్టాను. ఆగస్టులో మళ్లీ 103 వచ్చిన రోజు అటక 124 చూపించింది. పై అంతస్తు గదిలో రాత్రి ఏసీ ఇప్పుడు ఏకధాటిగా కాక, మధ్యమధ్య విశ్రాంతి తీసుకుంటూ నడుస్తోంది.

అయితే షింగిల్ సంగతి వేరు. ఇన్ఫ్రారెడ్ థర్మామీటర్‌తో రెండుసార్లూ నైరుతి వాలు కొలిచాను. ముందు 162, తర్వాత 158. ఇంత చేస్తే తగ్గింది నాలుగే డిగ్రీలు. ఎండ పైనుంచి కాల్చేస్తుంటే కింద గాలి ఎంతని చల్లబరుస్తుంది? షింగిల్ వేడిని ముందు నిర్ణయించేది దాని రంగు, అది ఏ దిక్కుకి వాలి ఉందన్నది. రూఫర్ చెప్పిన ‘కింది నుంచి ఉడకడం’ నిజమే కానీ అది కొంతే. గాలి దారి మాత్రం వదలకూడదు. అది సరిగా లేకపోతే షింగిల్ కంపెనీలు వారంటీ క్లెయిమ్‌కి పేచీ పెడతాయి. అటకలో తేమ నిలిచి కప్పు చెక్క కూడా పాడవుతుంది.

రాలిన రవ్వ ఎలాగూ తిరిగి రాదు. ఆ వాలు మార్చక తప్పదు. లేత బూడిద రంగుకి హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) అనుమతి అడిగాం. రెండు నమూనా పలకలు తెచ్చి నిన్న డ్రైవ్‌వే మీద ఎండలో పెట్టాం. మూడింటికి మా అమ్మాయి కొలిచి చెప్పింది: నలుపు 160, బూడిద 149.