మూడు మిల్లీమీటర్ల పంచాయితీ

2013 మార్చిలో మా మెకానికల్ ఫైనలియర్ నలుగురం శ్రీకాకుళంలో పలాస బస్సెక్కేసరికి ప్రాజెక్టు రివ్యూకి పన్నెండు రోజులే ఉంది. గోనెసంచిలో మా జీడిపిక్కలు కొట్టే యంత్రం. కండక్టర్ దానికి లగేజీ టికెట్టు కూడా కొట్టాడు.

డ్రాయింగ్‌కి మాత్రం వంక పెట్టలేరు. ఒక పిక్కని వెర్నియర్‌తో కొలిచి ఆటోక్యాడ్‌లో గీశాం. పెంకు మందం దాదాపు 3 మి.మీ. లోపల తేనెపట్టులాంటి అరల్లో జీడి నూనె. కత్తి అంతవరకే దిగాలి, కాస్త ఎక్కువైతే పప్పు ముక్కలే. గుండుకి, అంటే విరగని పప్పుకి, ఉన్న ధర ముక్కకి రాదు. ఇదంతా రిపోర్టులో ఉంది. పిక్కల్ని ఆవిరిలో ఉడికించి, ఆరబెట్టి కొడతారన్న సంగతే లేదు. ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. హాస్టల్ వెనక పచ్చి పిక్క మీద లివర్ నొక్కగానే నూనె చిమ్మింది. నా వేళ్ల మీద తోలు పొరలు పొరలుగా ఊడింది. వారం రోజులు మెస్సులో స్పూన్‌తో తిన్నాను.

పలాసలో ఒక చిన్న ఫ్యాక్టరీవాళ్లు లోపలికి రానిచ్చారు. పిక్కలు కొడుతున్న ఒకావిడ మా యంత్రంలో ఒకటి పెట్టి నొక్కింది. ముక్కలైంది. ఇంకోటి, అదీ అంతే. "ఏటి బాబూ, పిక్కలన్నీ ఒక్క కాన్పులో పుట్టినట్టు గీసేసినారు?" అంది.

తర్వాత తన బల్ల దగ్గర చూపించింది. కాలితో పెడల్ తొక్కితే రెండు కత్తులూ పెంకుని పట్టుకుంటాయి, అంతే. చేతి లివర్ని మెలిపెడితే పెంకు విచ్చుకుంటుంది. మేం కోయాలని చూశాం, ఆవిడ విప్పుతోంది. ఎక్కడ ఆగాలో ఆవిడ కాలికి తెలుసు. ఆవిడ వేళ్లూ నల్లగానే ఉన్నాయి. "ఎలా తింటావు పిన్నీ?" అనడిగితే నవ్వింది. పేరు మాత్రం అడగలేదు. అందుకే కృతజ్ఞతల పేజీలో ప్రిన్సిపాల్ నుంచి జిరాక్స్ షాపు దాకా అందరూ ఉన్నారు, ఆవిడ లేదు.

తిరిగొచ్చి లేత్ షాపు మేస్త్రి కాళ్లావేళ్లా పడ్డాం. లారీ కమాను పట్టీతో కత్తులు, వెనక్కి లాగడానికి సైకిల్ స్టాండు స్ప్రింగు, ఆవిడ కాలికి బదులు ఒక బోల్టూ దానికి లాక్‌నట్టూ. పిక్కల్ని జల్లించి మూడు సైజులు చేశాం. సైజు మారినప్పుడల్లా బోల్టు తిప్పుకోవాలి.

రివ్యూలో ఇరవై పిక్కలు కొడితే పదమూడు గుండ్లొచ్చాయి. పొంగిపోయాం. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఒక గుండుని వెలుగులో పట్టుకుని, "మరి అక్కడ కొట్టేవాళ్లకి ఇరవైకి ఎన్నొస్తాయి?" అన్నారు. ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఆవిడ బల్ల కింద ముక్క చూసినట్టు ఎవరికీ గుర్తు లేదు.